పాత సైకిల్‌కి మెరుపు కాదు... రోడ్డు కావాలి!

పాత సామాన్లు కొనే అతను మా నాన్న సైకిల్‌కి కట్టిన ఖరీదు ఆరు వందల రూపాయలు. ‘‘ఇరవై కిలోలు తూగుద్ది సార్, కిలోకి ముప్పై’’ అని లెక్క కూడా చెప్పాడు. తెనాలి దగ్గర మా ఊళ్లో, వసారా గోడకు ఆనించి తొమ్మిదేళ్లుగా దుమ్ము కొట్టుకుపోయి ఉందది. టైర్లు చీలికలు వేశాయి. సీటు మీద కోళ్లు పడుకునేవి. అమ్మకు ఆ మూల ఖాళీ కావాలి. నాన్న ఏమీ అనలేదు. అనలేదంటే ఇష్టమని కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న బడిపంతులు. 1968లో ఉద్యోగంలో చేరినప్పుడు హెడ్మాస్టరు గారి దగ్గర ఆ ర్యాలీ సైకిల్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇంటి నుంచి బడికి కాలవ గట్టు మీదుగా ఏడు కిలోమీటర్లు. 2003లో రిటైరయ్యే దాకా పోవడం, రావడం దాని మీదే. ఏడాదికి 220 పనిదినాలే వేసుకున్నా ముప్పై ఐదేళ్లలో లక్ష కిలోమీటర్లు దాటాయి. భూమి చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడో చుట్టులో సగం దాటినంత దూరం. ఆయనకు ఇప్పుడు ఎనభై. ‘వ్యాయామం’ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇక నా సంగతి. వయసు 54. గత ఏడాది రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. డాక్టరు గారు నడవమన్నారు, లేదంటే సైకిల్ తొక్కమన్నారు. హైదరాబాద్‌లో 24 వేలు పోసి గేర్ల సైకిల్ కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే దాని హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరడం మొదలైంది. ఇది నా ఒక్కడి కథే కాదని మీకూ తెలుసు.

అందుకే ఆరు వందల బేరం వద్దనుకుని, నాన్న సైకిల్‌ను లారీలో వేయించి హైదరాబాద్ తెచ్చాను. దాన్ని బాగు చేసే క్రమంలో ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు వల్ల ఒక అభిప్రాయానికి వచ్చాను. మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో, అత్తగారింటి అటక మీదో ఇలాంటి సైకిల్ ఉంటే ఈ మాటలు పనికొస్తాయని రాస్తున్నాను. పాత సైకిల్‌ను తూకానికి అమ్మడం ఎంత పొరపాటో, దాన్ని గీకి, రంగులేసి, గోడకు వేలాడదీయడమూ అంతే పొరపాటు. దాన్ని తొక్కేలా చేయాలి. తొక్కాలి.

ముందు అదేంటో తెలుసుకోండి

చేతిలో స్పానర్ పట్టుకునే ముందు ఆ సైకిల్ ఎవరిదో, ఎప్పటిదో తెలుసుకోవాలి. ఇది సరదాకి కాదు. ఏ భాగం దొరుకుతుంది, ఏది మళ్లీ దొరకదు అనేది దీన్నిబట్టే తెలుస్తుంది.

మన ఇళ్లలో ఉండే పాత సైకిళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఇంగ్లాండు నుంచి ఓడల్లో వచ్చినవి మొదటి రకం. ర్యాలీ, హంబర్, రడ్జ్, బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ లాంటివి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే తయారైనవి రెండో రకం. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ. పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో తయారైన సేన్-ర్యాలీ. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్. 1956లో లూథియానాలో మొదలైన హీరో. కాబట్టి ముందు బిళ్ల మీద ర్యాలీ అనో, బీఎస్‌ఏ అనో ఉన్నంత మాత్రాన అది ఇంగ్లాండు సైకిల్ అయిపోదు. అలాగని ఇక్కడ తయారైన దానికి విలువ తక్కువా కాదు. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. ఇప్పుడు ఆ పేరున్న పాత సైకిల్ కూడా చరిత్రే.

గుర్తుపట్టడానికి ముందుగా హ్యాండిల్ కింద, ఫ్రేమ్ ముందు గొట్టానికి కొట్టి ఉండే లోహపు బిళ్ల చూడండి. అది ఊడిపోయినా దాని మేకుల రంధ్రాలు ఉంటాయి. ఆ తర్వాత పెడల్ దగ్గరి పళ్ల చక్రం, అదే చైన్‌వీల్. పాతకాలపు ఇంగ్లాండు కంపెనీలు తమ గుర్తును అందులోనే చెక్కేవి. ర్యాలీ చైన్‌వీల్‌లో కొంగ తలలు కనిపిస్తాయి. హంబర్‌లో వరసగా మనిషి బొమ్మలు, రడ్జ్‌లో అరచెయ్యి. బీఎస్‌ఏ వాళ్ల గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీగా మొదలైంది కాబట్టి ఆ గుర్తు. కొన్ని హంబర్ సైకిళ్లకు ముందు ఫోర్కు ఒక్కో పక్క ఒకటి కాకుండా రెండేసి సన్నని గొట్టాలతో ఉంటుంది. అది దూరం నుంచే పట్టిస్తుంది.

వెనక చక్రం మధ్యలో లావుపాటి హబ్బు, దాన్నుంచి బయటికి చిన్న గొలుసు వస్తుంటే అది మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు కావచ్చు. గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది తుడిస్తే దాని మీద అక్షరాలు, అంకెలు బయటపడతాయి. ఆ అంకెలు తయారైన ఏడాది, నెల. మా సైకిల్ హబ్బు మీద ‘ఏడబ్ల్యూ’ అని, దాని పక్కన 54, 8 అని వచ్చాయి. అంటే 1954 ఆగస్టు. మా ఇంట్లో అందరం దాన్ని 1947 నాటిదని, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది కొన్నదని చెప్పుకునేవాళ్లం. ఫోన్‌లో నాన్నకు ఈ విషయం చెబితే కాసేపు నవ్వి, ‘‘అయితే హెడ్మాస్టరు గారు నాకు ఏడేళ్లు ఎక్కువ చెప్పి అమ్మారన్నమాట’’ అన్నారు.

అయితే హబ్బు మీది అంకె హబ్బు వయసే. మధ్యలో ఎప్పుడైనా చక్రం మార్చి ఉంటే ఫ్రేమ్ వయసు వేరు కావచ్చు. యాభై అరవై ఏళ్లు తిరిగిన సైకిల్‌లో సీటు ఒకరిది, పెడళ్లు ఒకరివి, మడ్‌గార్డు ఇంకొకరిది కావడం మామూలే. అందుకే ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పొద్దు. సీటు కింద అతుకు దగ్గరో, పెడళ్లు తిరిగే గొట్టం అడుగునో ఫ్రేమ్ నంబరు ఉంటుంది. రాసి పెట్టుకోండి. పూర్వం మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిల్‌కి పన్ను కట్టించుకుని ఇచ్చిన రేకు బిళ్ల ఏదైనా వేలాడుతుంటే దాని మీద ఏడాది ఉండొచ్చు. ఇనప్పెట్టెలో పాత రసీదు ఉందేమో చూడండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. వాళ్లు ఏడాది తప్పు చెప్పొచ్చు గానీ, ఎవరి దగ్గర కొన్నారో, ఎక్కడ పడి హ్యాండిల్ వంగిందో మరిచిపోరు.

నేను చేసిన తప్పు

ఇంటర్నెట్‌లో పాత సైకిళ్లను బాగు చేసే వీడియోలు చూశాను. అన్నిట్లోనూ ఒకటే తీరు. మొదట తుప్పు పట్టిన సైకిల్, తర్వాత ఎగిరిపడే రంగు దుమ్ము, చివరకు అద్దంలా మెరిసే నలుపు. నేనూ గరుకు కాగితం కొన్నాను. రెండు ఆదివారాలు బాల్కనీలో కూర్చుని ముందు ఫోర్కు, మడ్‌గార్డులు, చైన్ కవరు గీకాను. పైన నలుపు, దాని కింద ఎర్రటి పొర. నేల మీద సన్నటి దుమ్ము.

అప్పుడు మా అమ్మాయి పిల్లను తీసుకుని పుట్టింటికి వచ్చి ఉంది. మనవరాలికి రెండేళ్లు. దానికి ఆ బాల్కనీయే ఆటస్థలం. నేను గీకుతుంటే నా పక్కనే కూర్చుని, దుమ్ములో వేలితో గీతలు గీసి, ఆ వేలే నోట్లో పెట్టుకునేది. నేను చూసి నవ్వాను. ఫొటో కూడా తీశాను.

ఆ ఫొటో చూసి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే పిల్లల డాక్టరు గారు పరుగున వచ్చారు. ‘‘అది ఎన్నేళ్ల నాటి రంగో తెలుసా? అందులో సీసం ఉండొచ్చు. ముందు పిల్లని లోపలికి తీసుకెళ్లండి’’ అన్నారు.

పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా తుప్పు పట్టకుండా అడుగున వేసే ఎర్రటి పొరలో సీసం వాడడం ఒకప్పుడు చాలా మామూలు. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. మా సైకిల్‌కి రంగు పడింది అంతకు అరవై ఏళ్ల ముందు. రంగు ఫ్రేమ్‌కి అంటుకుని ఉన్నంత కాలం పెద్ద ప్రమాదం లేదు. గీకి దుమ్ము చేసినప్పుడే అది ఊపిరితోనో, చేతుల మీదుగా నోట్లోకో పోతుంది.

పిల్లల విషయంలో ఇది మరీ చెడ్డది. లోపలికి పోయిన సీసాన్ని పెద్దల కన్నా చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెదడు ఎదిగే వయసులో అది తెలివితేటల మీద, ఏకాగ్రత మీద, ప్రవర్తన మీద దెబ్బ కొడుతుంది. ఆ నష్టం మళ్లీ పూడేది కాదు. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు అంటూ లేదు. గర్భిణుల నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. పైకి జ్వరం రాదు, దగ్గు రాదు. రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు.

మనవరాలికి రక్తపరీక్ష చేయించాం. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంటే అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. 5 లోపే ఉందని తేలాక కూడా నాకు ఆ ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలనిపించలేదు.

డాక్టరు, పాత సైకిళ్ల ప్రేమికుడు... ఒకటే మాట

గీకడం అక్కడితో ఆపేశాను. గీకిన భాగాలకు రంగు వేయించక తప్పలేదు. ఫ్రేమ్ మాత్రం మిగిలింది. నల్లటి రంగు మీద సన్నటి బంగారు గీతలు, అక్కడక్కడా పెచ్చులు, నాన్న ప్యాంటు క్లిప్పు రాసుకుని అరిగిపోయిన చోటు.

తర్వాత నాన్న హైదరాబాద్ వచ్చి చూశారు. చుట్టూ ఒకసారి తిరిగి, ‘‘ముందు వైపు నుంచి చూస్తే ఎవరిదో సైకిల్‌లా ఉందిరా. వెనక నుంచి చూస్తే నాదే’’ అన్నారు.

పాత సైకిళ్లు సేకరించే వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నదీ ఇదే. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది. పోతే మళ్లీ తేలేం. కంపెనీలో చేత్తో వేసిన గీతలు, అతికించిన పేర్లు, ఆనాటి ఎనామిల్ లోతు ఇవాళ్టి పౌడర్ కోటింగ్‌లో రావు. పెచ్చులూడినా సరే, అసలు రంగున్న సైకిల్‌కే విలువ ఎక్కువ. అటు డాక్టరు ఏమంటున్నారు? పాత రంగును గీకొద్దు అంటున్నారు. ఇంట్లో ఆరోగ్యానికీ, సైకిల్ విలువకీ, దాని జ్ఞాపకానికీ ఒకటే సూత్రం సరిపోవడం ఎంత అరుదు! దాన్ని పాటించడానికి ఖర్చు కూడా లేదు.

కాబట్టి రంగును శుభ్రం చేయండి, తీసేయకండి. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. పేర్లు, గీతలు ఉన్న చోట ఒత్తి రుద్దొద్దు. ముందు కనపడని మూల తుడిచి చూసుకోండి. ఆరాక మైనం పాలిష్ పల్చగా పూస్తే తేమ పట్టదు. హ్యాండిల్, రిమ్ముల మీది తుప్పు చుక్కలకు వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్లలో తడిపి రుద్దండి. చాలా వరకు పోతాయి.

ఎక్కడైనా రంగు తీయక తప్పకపోతే ఇంట్లో చేయొద్దు. పొడిగా గీకొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి, ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని చేయాలి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తీయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. తుప్పు వదిలించడానికి బాత్రూమ్ యాసిడ్ వాడేవాళ్లున్నారు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువే పుడుతుంది. ఇక తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని అందరం అంటుంటాం. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మక్రిమి గాయంలోకి పోతే వస్తుంది. పశువుల కొట్టంలో పడి ఉన్న సైకిల్‌కి ఆ రెండూ అంటుకునే ఉంటాయి. టీకా వేయించుకుని పదేళ్లు దాటితే పని మొదలుపెట్టే ముందే డాక్టర్ని అడగండి.

ఏది ఉంచాలి... ఏది మార్చాలి?

చూపుకు సంబంధించినవన్నీ పాతవి ఉంచండి. ప్రాణానికి సంబంధించినవన్నీ కొత్తవి వేయండి. నేను పెట్టుకున్న నియమం ఇదే.

టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, గేరు తీగ దగ్గర మమకారం వద్దు. చీలిన టైరును జ్ఞాపకంగా దాచుకోవాలంటే అటక మీద దాచుకోండి. మన దగ్గరి పెద్ద సైకిళ్లు పాత ఇంగ్లాండు కొలతలనే కొనసాగించాయి. 28 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం వెడల్పు టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి. అరవై డెబ్భై ఏళ్ల సైకిల్‌కి ఏ చిన్న పట్నంలోనైనా సరిపడే టైరు దొరకడం మన అదృష్టం.

ఫ్రేమ్‌ను పగటి వెలుగులో పరీక్షించండి. ముందు ఫోర్కు పైభాగం, గొట్టాలు కలిసే అతుకులు, సీటు దగ్గర వెంట్రుకలాంటి పగులు ఉందేమో వేలి గోటితో తడిమి చూడండి. పగులుంటే ఆ సైకిల్‌ను తొక్కొద్దు. అలాంటిది గోడకే బాగుంటుంది.

మిగతాది ఓవరాయిలింగ్. దీనికి మీ వీధి చివర పాత సైకిల్ షాపు ఉంటే అంతకన్నా భాగ్యం లేదు. మా దగ్గర్లో అలాంటి పెద్దాయన ఒకరున్నారు. చక్రాన్ని వేలితో తిప్పి, చప్పుడు విని, లోపల ఏ బాల్ అరిగిందో చెప్పారు. బిగుసుకుపోయిన నట్లకు నూనె వేసి రాత్రంతా వదిలేశారు. పెడళ్లను పట్టి ఉంచే కాటర్ పిన్నులు ఊడదీసేటప్పుడు కింద ఇనుప గొట్టం ఆనించి మరీ సుత్తి వేశారు. లేకపోతే ఆ దెబ్బంతా లోపలి బేరింగుల మీద పడుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. పెడళ్లు తిరిగే గొట్టంలో మామూలు బ్రిటిష్ సైకిళ్ల మరలు అంగుళానికి 24 ఉంటే, పాత ర్యాలీవి 26. సరిపోని కప్పును బలవంతంగా బిగిస్తే ఫ్రేమ్ మరే పాడైపోతుంది. ఇలాంటి చేతులున్న వాళ్లు మన ఊళ్లలో తగ్గిపోతున్నారు. పాత సైకిల్‌ను బాగు చేయించడమంటే ఆ విద్యకు కూడా నాలుగు డబ్బులు ఇచ్చినట్టే.

మూడు గేర్ల హబ్బుంటే దాని మూత తీసి మెషీన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేస్తే చాలు. కొబ్బరి నూనె, వంట నూనె వేయొద్దు, లోపల జిగురులా గడ్డకడతాయి. గేరు తీగ సరిగ్గా బిగించకపోతే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోతుంది. లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు అలా జరిగితే పడిపోతారు. రోడ్డెక్కే ముందు దీన్ని సరిచూసుకోవాల్సిందే.

మొత్తం ఖర్చు మూడు వేల చిల్లర. తువ్వాళ్లు ఆరేసుకునే సైకిల్‌కి పెట్టిన దాంట్లో ఏడో వంతు కూడా కాదు.

ఒంటికి సరిపోతుందా?

అన్ని పాత సైకిళ్లూ అందరికీ సరిపోవు. సైకిల్‌కి రెండు పక్కలా కాళ్లు పెట్టి నిలబడండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, అడ్డ గొట్టానికీ మీకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. పాతకాలపు 24 అంగుళాల ఫ్రేమ్ పొట్టివాళ్లకు పనికిరాదు. అరవై దాటిన వాళ్లకు కాలు ఎత్తి వెనక నుంచి వేయడమే కష్టం. వాళ్లకు అడ్డ గొట్టం లేని లేడీస్ సైకిల్ మేలు. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

సీటు ఎత్తు చాలామంది తప్పుగా పెట్టుకుంటారు. రెండు కాళ్లూ నేలకు తగిలేలా కిందికి దించేసి, మోకాళ్లు ముడుచుకుని తొక్కుతారు. కొన్నాళ్లకు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. తప్పు సైకిల్‌ది అంటారు. సీటు మీద కూర్చుని, అడుగుకు వచ్చిన పెడల్ మీద మడమ పెడితే కాలు దాదాపు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు.

ఒకే గేరున్న సైకిల్ బరువుగా అనిపిస్తే మోకాళ్లను హింసించాల్సిన పని లేదు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది, కానీ తేలిగ్గా పోతుంది. కావాలంటే పాతదాన్ని దాచి, ఎప్పుడైనా తిరిగి వేయించుకోవచ్చు.

వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు తొక్కితే 150 వచ్చేసింది. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. నిటారుగా కూర్చుని తొక్కే పాత సైకిల్‌కి ఈ వేగమే సహజం. పరుగు కన్నా కీళ్ల మీద భారం తక్కువ. అయితే సైకిల్ ఒక్కటే అన్నీ ఇవ్వదు. ఒంటి బరువు సీటు మీద పడుతుంది కాబట్టి ఎముకలకు అది పెద్దగా పనికిరాదు. నడక, కాస్త బరువులెత్తడం కూడా ఉండాలి. గుండె జబ్బు, తల తిరగడం, తూలు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే ఎక్కాలి. మా నాన్న డెబ్భై ఒకటిలో తొక్కడం మానేశారు. ఇప్పుడు ఎక్కుతానన్నా నేను ఒప్పుకోను.

‘‘కొత్తది కొనుక్కుంటే పోదా’’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త సైకిల్ తేలిక, దాని బ్రేకులు మేలు. వానలో తడిసిన పాత ఉక్కు రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది, నేను వానలో బయటికి తీయను. ట్రాఫిక్‌లోకీ తీసుకెళ్లను. తెల్లవారుజామున కాలనీ రోడ్లు, సెలవు రోజైతే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఈ పరిమితులన్నీ ఒప్పుకుంటూనే చెబుతున్నాను. కొత్త సైకిల్‌ను నేను రెండు నెలల్లో మానేశాను, దీన్ని ఏడు నెలలుగా మానలేదు. వ్యాయామంలో అసలు కష్టం మొదలుపెట్టడం కాదు, మానకుండా ఉండడం. మన చేతులతో బాగు చేసుకున్న వస్తువు, మనవాళ్లు వాడిన వస్తువు పొద్దున్నే మనల్ని లేపుతుంది. ఆరు నెలలకు నా హెచ్‌బీఏ1సీ 5.9కి వచ్చింది. అన్నం కూడా తగ్గించాను కాబట్టి ఘనతంతా సైకిల్‌దే అనను. ఒక్కడి అనుభవంతో వైద్యం తేలదు కూడా. కానీ నా వాటా శ్రమ నాతో చేయించింది అదే.

మొన్న సంక్రాంతికి నాన్న మళ్లీ వచ్చారు. నేను తొక్కి వచ్చి సైకిల్‌కి స్టాండు వేశాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చారు. కొత్త మడ్‌గార్డు వైపు చూడలేదు. వెనక టైరును బొటనవేలితో నొక్కి, ‘‘గాలి తక్కువైంది. ఇలా తొక్కితే రిమ్ము దెబ్బతింటుంది’’ అన్నారు. పంపు నేను తెచ్చాను. కొట్టింది ఆయన.